ఒక్క మాటకు ఎన్ని దెబ్బలు

ఉన్నికొట్టు తలుపు బద్దలయ్యేటట్టు లోపలినుంచి చరుస్తోంది సుగుణమ్మ. బయట గడియ మీద చెయ్యి వేసుకుని, కదలకుండా కూర్చున్నాడు చెన్నయ్య.

“తియ్యండి బావగారూ! ఆయన బతికున్నారో లేదో ఒక్క మాట చెప్పండి. చెప్పి మళ్లీ గడియ వేసుకోండి.”

“బావ అని పిలువకు. నీ నోట్ల ఆ మాట మాడిపోను.”

“బతికున్నారా?”

“నీ దెబ్బకు చచ్చేటంత మెత్తనోడు కాదు నా తమ్ముడు.”

“నా దెబ్బా?” అంది లోపలి గొంతు. ఆ తరువాత తలుపు మీద చరుపులు ఆగిపోయాయి.

జానమ్మ నీళ్ల చెంబుతో వాకిట్లో నిలబడి ఉంది. చెన్నయ్య కూతురు, పదిహేనేళ్ల పిల్ల. నిన్న సాయంత్రం నుంచి ఆమె నోటివెంట ఒక్క మాట రాలేదు. దొడ్డి గుంజ దగ్గర నేల మీద అవ్వ బూడిద చల్లింది. బూడిద కిందినుంచి నెత్తురు మళ్లీ పైకి ఊరి, అక్కడ నేల ఇటుకరంగుకు తిరిగింది. గొర్రెలు ఆ జాగా తప్పించి తిరుగుతున్నాయి.

నిన్న జరిగింది చూసిన కళ్లు ఆమెవే.

వేరుపడతానన్నాడు చిన్నాయన ఎల్లస్వామి. నందికొండ డ్యాము కట్ట మీద పని దొరికింది, క్వార్టరు దొరికింది, నా వంతు జీవాలను ఇచ్చెయ్యమన్నాడు. మందను రెండు చేస్తే కులదేవుడు బీరప్పకు కోపం వస్తుందన్నాడు నాయన. నీకా, బీరప్పకా అన్నాడు చిన్నాయన. ఆ మాట పూర్తి కాకముందే నాయన చేతిలోని తుమ్మకర్ర లేచింది. ఎండిన గుమ్మడికాయ పగిలినట్టు చప్పుడైంది. చిన్నాయన మోకాళ్ల మీద కూలి, పక్కకు ఒరిగాడు. కర్ర మళ్లీ లేచింది. అప్పుడే చిన్నమ్మ సుగుణమ్మ ఉరికి వచ్చి రెండు చేతులతో దాన్ని పట్టుకుని, అంత మనిషి చేతిలోంచి గుంజుకుంది.

గూడెం పరుగెత్తుకొచ్చేసరికి కర్ర ఆమె చేతిలో ఉంది. నెత్తురు ఆమె చీర మీద ఉంది.

“ఇదే కొట్టింది!” అన్నాడు నాయన. ముందు ఆయన నోరే లేచింది. వచ్చినవాళ్లందరూ ఆ మాటనే అందుకున్నారు.

“నీళ్లియ్యి,” అన్నాడు చెన్నయ్య కూతురితో, గడియ వదలకుండానే. “ఇచ్చి వచ్చెయ్యి. నోరు తెరిస్తే పండ్లు రాల్తయ్.”

అంతలో దడి అవతలినుంచి గాలయ్య పిలిచాడు. గూడెంలో అక్షరం ముక్క వచ్చిన మగవాడు అతనొక్కడే. కులపెద్ద మారయ్య మనుషుల్ని పోగుచేస్తున్నాడని చెప్పడానికి వచ్చాడు. చెన్నయ్య అటు నడిచాడు.

జానమ్మ ఉన్నికొట్టు తలుపు సందులోంచి చెంబు లోపలికి పెట్టింది. చెంబును కాదు, ఆమె మణికట్టును పట్టుకుంది సుగుణమ్మ.

“జానా, చెప్పవే. ఉన్నారా?”

“ఉన్నడు చిన్నమ్మా. దవాఖానల తలకు కుట్లేసిన్రంట. పొద్దుగాల అవ్వ గంజి పట్టుకొని పోయింది.”

“నా గురించి అడిగారా?”

“నీళ్లు తాగు చిన్నమ్మా,” అంది జానమ్మ.

“పోనీలే,” అంది సుగుణమ్మ. “పుస్తకం ఎక్కడుంది?”

“నాయిన దొరకబట్టిండు. నా సంచి కిందమీద చేసిండు.”

“ఏ పుస్తకం? మా నాన్నదా, నువ్వు రాసుకున్నదా?”

“నేను రాసుకున్నది.”

ఉన్ని వాసన, కుడితి వాసన కలిసి సందులోంచి వస్తున్నాయి.

“ఆ మాట రాసిన పుటేనా?”

“అదే.”

సుగుణమ్మ ఆ పిల్ల మణికట్టు వదిలేసింది.

*

యానాం పిల్ల సుగుణమ్మ. ఆమె తండ్రి అక్కడ ఫ్రెంచి దొరల కచేరీలో బంట్రోతుగా చేసి, దొరలు పోయాక పొట్ట చేతపట్టుకుని నందికొండకు వచ్చి, డ్యాము స్టోరులో గుమాస్తాగా చేరాడు. నిరుడు జ్వరంతో పోయాడు. కూతురికి ఆయన ఇచ్చి వెళ్లినవి రెండు రవికలు, ఒక ఇత్తడి గిన్నె, అట్ట ఊడిపోయిన ఒక ఫ్రెంచి నిఘంటువు. ఎల్లస్వామి ఆమెను చేసుకుని గూడేనికి తెచ్చిన రోజున, ఆ నిఘంటువును చూసి గోపమ్మ అవ్వ ముక్కు మీద వేలేసుకుంది.

“గీ పిల్ల పుస్తకం ఎంబడి వచ్చిందా, మొగని ఎంబడి వచ్చిందా?”

తల్లిలేని జానమ్మకు మాత్రం ఆ ఇంట్లో మాట్లాడే మనిషి దొరికింది. ఏడో తరగతితో బడి ఆగిపోయిన పిల్ల. మధ్యాహ్నం మంద మేతకు పోయి, మగవాళ్లు లేని వేళ, ఉన్నికొట్టులో ఇద్దరూ కూర్చుని ఉన్ని వడికేవాళ్లు. రోజుకొక మాట చెప్పేది సుగుణమ్మ.

అయిదు రోజుల కిందట చెప్పిన మాట ‘కూ’.

“నాలుగు అక్షరాలు రాసి చివరిది మింగేస్తారు. కూ అని పలకాలి.”

“కోయిల లెక్క?”

“కోయిల లాగానే. కానీ ఇది కూతపెట్టదు, కొడుతుంది. కూ అంటే దెబ్బ.”

“దెబ్బకు ఒక్క వరుస చాలదా? రెండు పుటలు నింపిన్రేంది?”

“పక్కన చేరే మాటను బట్టి అర్థం మారిపోతుంది. కాలు చేరిందనుకో, తన్ను. పిడికిలి చేరితే గుద్దు. కత్తి చేరితే పోటు. తుపాకీ చేరితే పేలుడు.”

జానమ్మ ఒక్కొక్కటే తన పుస్తకంలో తెలుగులో రాసుకుంది. “అన్నీ కొట్టుడే గద చిన్నమ్మా. మా నాయినకు ఫ్రెంచి మస్తుగ వస్తది.”

సుగుణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. “ఆగు. కన్ను చేరితే?”

“కంట్ల గుద్దుడు.”

“కాదే. ఊరికే అలా ఒకసారి చూడటం. కూ దెయ్. చూపు వచ్చి తగిలి వెళ్లిపోతుంది, అంతే. మరి చెయ్యి చేరితే?”

“చెంపదెబ్బ!”

“చేతిసాయం. ఎవరైనా మోయలేని మూట మోస్తుంటే వెళ్లి ఒక చెయ్యి వేస్తాం చూడు, అది. కూ ద మేఁ.”

జానమ్మకు నమ్మకం కుదరలేదు. పెన్సిలు చెవి వెనక దోపుకుని వేళ్లకు అంటిన ఉన్ని రాల్చుకుంది. “సాయం గూడ దెబ్బేనా? దొరలకు మాటలు కరువొచ్చినయా?”

“మా నాన్ననూ నేను ఇదే అడిగాను. గొంతులోకి ఒక గుక్క పోసుకుంటే అదీ కూ. తలుపు తడితే అదీ కూ.”

“మరి ఏదో ఎట్ల ఎర్కైతది?”

“పక్కన ఏముందో చూడాలి. ఒంటరిగా దొరికిన మాటను పట్టుకుని తీర్పు చెప్పకూడదు.”

“పిడుగు చేరితే?”

సుగుణమ్మ చప్పున పుస్తకం మూసేసింది. “అది నీ పెళ్లయ్యాక చెబుతాను.” ఆమె చెవి తమ్మెలు ఎర్రబడ్డాయి; పిడుగుదెబ్బ అంటే ఫ్రెంచిలో తొలిచూపు ప్రేమ. అప్పుడే మంద తిరిగొచ్చింది. పిల్లల కోసం తల్లి గొర్రెలు అరిచాయి. జానమ్మ పుస్తకం పడేసి దొడ్డికి పరుగెత్తింది.

చూపు, సాయం, గుక్క, తలుపు తట్టడం ఆ పుటకు ఎక్కనే లేదు. తన్ను, గుద్దు, పోటు, పేలుడు మాత్రం ముత్యాల్లాంటి అక్షరాలతో మిగిలిపోయాయి.

*

మధ్యాహ్నానికి బీరప్ప గుడి ముందరి బండ మీద నల్ల గొంగడి పరిచారు. గొంగడి నడుమ పిడికెడు పసుపు పోశారు. దాన్ని బండారు అంటారు. అది చేత పట్టుకుని చెప్పిన మాటకు గూడెంలో తిరుగులేదు. కులపెద్ద మారయ్య గొంగడికి తలవైపున గొంతుక్కూర్చున్నాడు. పెదవి మీద మీసం తప్ప ముఖంలో ఏదీ కదలని మనిషి.

సుగుణమ్మను ఇద్దరు ఆడవాళ్లు జబ్బలు పట్టుకుని తెచ్చారు. నిన్నటి చీరే. నెత్తురు ఎండి కుచ్చిళ్లు అట్టలు కట్టాయి.

“నీ మొగని తలకాయ ఎవలు పలగ్గొట్టిన్రు?” అన్నాడు మారయ్య.

“బావగారు.”

జనం ఒక్కసారిగా అరిచారు. ఎవరో బెడ్డ విసిరారు. అది సుగుణమ్మ కనుబొమ్మ మీద తగిలి, నెత్తురు కంట్లోకి దిగింది. ఆమె చెయ్యెత్తి తుడుచుకోబోతే, పట్టుకున్న ఆడవాళ్లు చెయ్యి వదల్లేదు.

“రాళ్లిసిరెటోడు నా ముందటికొచ్చి ఇసరాలె,” అన్నాడు మారయ్య. ఎవరూ రాలేదు. “నీ దిక్కు సాక్షి ఎవలున్నరు బిడ్డా?”

సుగుణమ్మ ఒంటికన్నుతో జనంలో వెతికింది. ఆ చూపు జానమ్మ దాకా వచ్చింది. ఒక్క క్షణం ఆగి, దాటిపోయింది.

“ఎవరూ లేరు,” అంది.

జానమ్మ ఆమె నెత్తుటి కన్ను వంకే చూసింది. తనను చూసి కూడా లేరందే ఈమె! తన పేరు చెబితే తన వీపు చిట్లుతుందని తెలిసే లేరంది.

చెన్నయ్య తుమ్మకర్రను తెచ్చి గొంగడి పక్కన పడేశాడు. దాని మీద జానమ్మ పుస్తకం పడేశాడు.

“కర్ర నిన్న దీని చేతుల ఉన్నది. మీరందరు చూసిన్రు. ఎన్నొద్దుల సంది దీని మనసుల ఏమున్నదో ఈ పుస్తకంల ఉన్నది. నా బిడ్డకు ఏం నేర్పుతున్నదో జర చదువు గాలన్నా.”

గాలయ్య పుస్తకం అందుకుని, సూర్యుడికేసి పట్టి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కున్నాడు.

“కూ. కాలు, తన్ను. పిడికిలి, గుద్దు. కత్తి… పోటు. తుపాకీ, పేలుడు.”

“ఓ యమ్మో!” అంది ఒకావిడ.

“ముందట ‘కూ’ అని ఎందుకున్నది?” అన్నాడు మారయ్య.

“ఏమో మరి. బీజాక్షరం కావచ్చు,” అన్నాడు గాలయ్య. ఆ మాట అతనికే భయం పుట్టించిందేమో, పుస్తకాన్ని రెండు వేళ్లతో పట్టుకుని దూరంగా పెట్టాడు. “మంత్రం అనుకుంటూ ఒక్కొక్క దెబ్బ పేరు చెప్తరు గద. అట్లనే ఉన్నది.”

“చేతబడి!” అన్నారెవరో. రెండో బెడ్డ లేచింది. ఈసారి అది సుగుణమ్మ భుజానికి తగిలింది.

“చేతబడి కాదు, గది చదువు!” అంది జానమ్మ.

ఆ గొంతు తనదేనని ఆమెకే తెలియలేదు. గూడెమంతా ఇటు తిరిగింది. ముగ్గురున్న చోట తల ఎత్తని పిల్ల.

“నువ్వు రాసినవా బిడ్డా?” అన్నాడు మారయ్య.

“నేనే తాతా. ఒక్కటే మాట. దానికి మస్తు అర్థాలుంటయ్. నేను సగమే రాసిన. మిగిలిన సగం–”

మారయ్య చెయ్యెత్తి ఆపాడు. “పెండ్లి గాని పిల్ల మాట గొంగడి మీద నిలువదు. మన రివాజు నీకెర్కలే. నీ నాయిన చెవుల చెప్పు. నీ నాయిన మాకు చెప్తడు.”

జానమ్మ తండ్రి దగ్గరికి నడిచింది. చెన్నయ్య వంగాడు. ఆయన ఒంటినుంచి చెమట, గొర్రెకొవ్వు వాసన. చిన్నప్పుడు ఆ మెడ పట్టుకుని వాగులు దాటింది. ఆ చెవిలో గబగబా చెప్పింది: అదే మాటకు చూపు అని అర్థం, సాయం అని అర్థం, తలుపు తట్టుడు అని అర్థం. నేను మరిచిన నాయినా, తప్పు నాది.

చెన్నయ్య నిటారుగా లేచాడు.

“రోజుకొక్క దెబ్బ నేర్పిందంటున్నది. ఎట్ల కొట్టాల్నో, ఏడ కొట్టాల్నో.”

జానమ్మ తండ్రి ముఖం వంక చూసింది. ఆయన ఆమె నెత్తి మీదుగా ఎటో చూస్తున్నాడు.

ఆమె చెప్పులు విడిచింది. ఎవరికీ అర్థమయ్యేలోపల గొంగడి మీదికి ఎక్కి, వంగి, పసుపును పిడికిట్లోకి తీసుకుంది.

“దిగు!” చెన్నయ్య జడ పట్టి లాగాడు. ఆమె మోకాళ్ల మీద పడింది గాని పిడికిలి విడవలేదు. లాగి చెంప మీద కొట్టాడు. పెదవి చిట్లి, నెత్తురు గొంగడి ఉన్ని మీద పడింది. రెండోసారి చెయ్యెత్తేసరికి మారయ్య లేచి నిలబడ్డాడు.

“చెన్నా! బండారు పట్టిన మనిషిని ముట్టకు. ఆడదైనా సరే, పిల్లయినా సరే. పట్టింది, చెప్పనీ.” ఆమె వైపు తిరిగాడు. “చెప్పినంక ఎనుకకు మళ్లుడు లేదు బిడ్డా. అబద్ధమైతే ఏం జేస్తమో ఎర్కేనా?”

“ఎర్కే తాతా.”

“చెప్పు.”

జానమ్మ పెదవి మీది నెత్తురు మింగింది.

“గాలయ్య పెద్దనాయినా, నిరుడు ఎండకాలం నీకేమైంది?”

“నాకా?” గాలయ్య తడబడ్డాడు. “ఎండదెబ్బ తాకింది.”

“ఎండ కర్ర పట్టుకొచ్చి కొట్టిందా నిన్ను?”

వెనక ఎవరో ముసలాయన కిసుక్కుమన్నాడు.

“మొన్న మారయ్య తాత పెద్ద బండను ఒక్కదెబ్బకు లేపిండంటిరి. బండను కొట్టిండా? చేతులేసి లేపిండు. దిష్టిదెబ్బ అంటరు. చూసుడే గద అది! మన మాటకు పది అర్థాలున్నప్పుడు వాళ్ల మాటకు ఉండయా? కూ అంటే మన దెబ్బ లెక్కనే. పక్కన చెయ్యి చేరితే సాయం అని అర్థం. గదే నేను రాయకుండ గొర్లకు పిల్లల ఇడుసుటానికి పోయిన.”

ఈసారి ఆడవాళ్లలోనూ నవ్వు పాకింది. గాలయ్య పుస్తకాన్ని మళ్లీ చేతిలోకి తీసుకుని, దుమ్ము దులిపాడు. మారయ్య మీసం కొద్దిగా కదిలింది.

“చదువు సంగతి తేలింది,” అన్నాడు. “కర్ర సంగతి చెప్పు.”

నవ్వు ఆగిపోయింది. డ్యాము వైపు రాళ్లు పేల్చే ముందు మోగే కూత మోగింది. అందరూ తెలియకుండానే ఆ పేలుడు కోసం కాచుకున్నారు. అది పేలింది. బండ అదిరింది.

“కొట్టింది మా నాయిన,” అంది జానమ్మ. “రెండోది కొట్టబోతే చిన్నమ్మ గుంజుకున్నది. చిన్నాయిన బతికిండంటే ఆమె చెయ్యే.”

చెన్నయ్య ముక్కుపుటాలు ఎగిరి పడుతున్నాయి.

సుగుణమ్మ తల వంచుకుంది. మొదటిసారి ఆమె ఏడ్చింది.

“ఇగ దెబ్బ పడ్డోడు చెప్పాలె,” అన్నాడు మారయ్య. “తోల్కొస్తున్నరు.”

*

నులకమంచం మీద ఎల్లస్వామిని నలుగురు మోసుకొచ్చారు. తలంతా తెల్లగుడ్డ. ఎడమ కన్ను వాచి మూసుకుపోయింది. మంచం పక్కన గోపమ్మ అవ్వ గంజి గిన్నె సంకన పెట్టుకుని నడుస్తోంది. పొద్దున పోయిన మనిషి, పదేళ్లు మీదపడ్డట్టు వచ్చింది. జానమ్మ ఆమె కళ్ల కోసం చూసింది. అవ్వ మంచంకోడు వైపు చూస్తోంది.

మంచాన్ని గొంగడి పక్కన దింపారు.

“ఎల్లస్వామీ, మాట వస్తాందా?” అన్నాడు మారయ్య.

“వస్తాంది.”

“నిన్నెవలు కొట్టిన్రు?”

ఎల్లస్వామి తల్లి కేసి చూశాడు. గోపమ్మ పెదవులు కదిలాయి. శబ్దం రాలేదు. సర్కారు దవాఖానలో కుట్లు వేసినవాళ్లు పోలీసులకు చెబుతారని, పెద్దోడు జైలుకు పోతే మంద అడవిపాలవుతుందని, తన కడుపున పుట్టిన ఇద్దరిలో ఒకడి చేత ఇంకొకడికి బేడీలు వేయించవద్దని పొద్దుటినుంచి ఆమె ఆ కొడుకు కాళ్ల దగ్గర కూర్చుని చెప్పిందని ఆ చూపు చూసినవాళ్లకు తెలిసిపోయింది.

“నా పెండ్లామే,” అన్నాడు ఎల్లస్వామి.



“ఇటు చూసి చెప్పండి,” అంది సుగుణమ్మ.

ఎల్లస్వామి కళ్లు మూసుకున్నాడు.

“మీ అన్నగారిని నేను జైల్లో పెట్టించనండీ. ఆ మాట నన్ను అడిగితే నేనే చెప్పేదాన్ని. ఒక్కసారి నా ముఖం చూసి చెప్పండి.”

“కోడలా, నోరు మూసుకో,” అంది గోపమ్మ. గొంతు గీరుకుపోయింది. “నీకు యానాం ఉన్నది. మాకు ఈ జాగా తప్ప ఏమున్నది?”

“యానాంలో నాకెవరున్నారత్తయ్యా? మీ అబ్బాయి ఉన్నారనే కదా వచ్చాను.”

గోపమ్మ గంజి గిన్నెను ఇంకో సంకకు మార్చుకుంది.

మారయ్య చాలాసేపు నేల గీకుతూ కూర్చున్నాడు. తల ఎత్తినప్పుడు ఆయన ముఖం మళ్లీ రాయిలా ఉంది.

“పడ్డోడు చెప్పిన మాట పెద్దది. యానాం పిల్ల పొద్దుగూకేలోపట పొలిమేర దాటాలె.” ఆగాడు. “బండారు పట్టి అబద్ధమాడినోళ్లకు ఏడు దెబ్బలు. కన్నోళ్ల చేతులతోనే. ఇది మా తాతల నాడు పెట్టిన కట్టు. నేను మార్చలేను.”

“అది అబద్ధం ఆడలేదు!” సుగుణమ్మ ఒక్క విసురుకు ఇద్దరినీ తోసేసి పరుగెత్తింది. నలుగురు ఆడవాళ్లు పడి ఆమెను నేలకు అదిమారు. ఎవరిదో మోకాలు ఆమె వీపు మీద. చెంప బండకు ఒరుసుకుంటుంటే కూడా అరుస్తూనే ఉంది. “చిన్నపిల్ల! నన్ను కొట్టండి. ఆ ఏడూ నాకు వెయ్యండి!”

చెన్నయ్య కర్ర అందుకున్నాడు. నిన్నటి నెత్తురు దాని కణుపుల్లో ఇంకా నల్లగా ఉంది.

జానమ్మ గొంగడి మీదినుంచి దిగలేదు. పసుపు పిడికిలి గుండెకు ఆనించుకుని, వీపు తండ్రికి తిప్పింది. నాయినా వద్దు అంటుందేమోనని అందరూ చూశారు. అనలేదు.

మొదటిది భుజాల నడుమ పడింది. ఊపిరి ఆగి, మళ్లీ వచ్చింది. రవిక చిరిగింది.

“ఒకటి,” అన్నాడు గాలయ్య. లెక్క పెట్టే పని అతనిదే.

రెండోది నడుము మీద. ఈసారి ఆమె ముందుకు తూలి, చేతులు ఆనించి నిలదొక్కుకుంది. పసుపు వేళ్ల సందుల్లోంచి గొంగడి మీద రాలింది.

“రెండు.”

“అబద్ధమని ఒప్పుకో బిడ్డా,” అన్నాడు చెన్నయ్య, తనకూ ఆమెకూ మాత్రమే వినబడేటట్టు. “ఒప్పుకుంటే పెద్దమనిషిని బతిలాడి ఇడిపిస్త. నీ కాళ్లు మొక్కుత, ఒప్పుకో.”

“నువ్వు కొట్టినవు నాయినా. నేను చూసిన,” అంది జానమ్మ. పిడికిట్లో మిగిలిన పసుపును ఇంకా గట్టిగా పట్టుకుంది.

మూడోది పడింది. అంతకుముందు రెండింటికంటే గట్టిగా పడింది. ఆ అమ్మాయి నోటినుంచి గొర్రెపిల్ల అరిచినట్టు ఒక్క కేక వచ్చింది. మంచం మీద ఎల్లస్వామి కళ్లు తెరుచుకున్నాయి.

గాలయ్య మూడు అనలేదు.

చెన్నయ్య కర్రను ఎత్తాడు. ఎత్తిన చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. మెడ నరాలు ఉబ్బాయి. ఎంతసేపో అలాగే నిలబడ్డాడు. తరువాత గొంగడి అంచు తొక్కుకుంటూ మంచం దగ్గరికి నడిచి, కర్రను తిప్పి, పట్టుకునే కొసను తమ్ముడి వైపు చాచాడు.

“ఇంక నాలుగున్నయ్ చిన్నోడా. నీ మాట మీద పడుతున్న దెబ్బలివి. నువ్వే కొట్టు.”

“చెన్నా! ఏం జేస్తున్నవ్ రా?” అంది గోపమ్మ.

చెన్నయ్య తల్లి మాట విననట్టే ఉన్నాడు. కర్ర చాచిన చెయ్యి దించలేదు. మారయ్య ఆ కర్ర కేసే చూస్తున్నాడు.

ఎల్లస్వామి మంచం పట్టె పట్టుకుని, మోచెయ్యి ఆనించి, మెల్లగా పైకి లేచాడు. తలకు కట్టిన గుడ్డ మీద కొత్త నెత్తురు చెమ్మగా పూసింది. ఒక కంటితో అన్నను చూశాడు. నేల మీద అదిమి ఉంచిన భార్యను చూశాడు. గొంగడి మీద, వీపు తిప్పుకుని, నాలుగో దెబ్బ కోసం బిగబట్టుకుని ఉన్న పిల్లను చూశాడు.

చెయ్యి చాచి, నిన్న సుగుణమ్మ పట్టుకున్నట్టే కర్రను పట్టుకున్నాడు.